తెల్లకారులో ముడుపు

ఆ రోజుల్లో నాకు మనుషులంటే భయం, పుస్తకాలంటే ధైర్యం. ఎవరైనా పేరడిగితే సగం చెప్పి మిగతా సగం మింగేసేదాన్ని. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు వాదించేదాన్ని. అలాంటి నన్ను తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. ఉదయం పదకొండుకల్లా అక్కడుండాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వబోమని కాగితంలోనే రాశారు. బంగారుపాళ్యం నుంచి బస్సులో పోతానంటే నాయన ఒప్పుకోలేదు. మా ఇంట్లో నాకంటే వయసులో పెద్దదైన తెల్లకారు ఉండేది. దాన్ని ఆ వారమే మెకానిక్ మామ చేత బాగు చేయించాడు. (మామంటే చుట్టం కాదు. ఇరవై ఏళ్లుగా ఆ కారుకు వైద్యం చేస్తూ ఇంటిమనిషైపోయాడు.) దారిలో ఏదైనా అయితే చూసుకోవడానికి ఆయన్నీ రమ్మన్నాడు.

మా వైపు రిపేరు నుంచి బండి వస్తే దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మామూలే. నాయనకు అవి గిట్టవు. "ఇంజనుకు కావాల్సింది పెట్రోలు, పసుపు కాదు" అని అమ్మను కసిరాడు. నా భయం నాది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి, బండి ఆగకుండా నన్ను చేరిస్తే ఈ ముడుపు కొండకు తెచ్చి హుండీలో వేస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. ముడుపు బండిలోనే ఉండాలి, నాయన కంట పడకూడదు. ఆయన స్నానానికి పోయినప్పుడు బానెట్ ఎత్తి చూస్తే, వెడల్పాటి నోరున్న గొట్టమొకటి దేవుడి గూడులా కనిపించింది. అందులో లోపలికంటా పెట్టి, దండం కూడా పెట్టుకున్నాను.

చిత్తూరు దాటాక ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. మామ దిగి పెట్రోలు పంపు విప్పి, గొట్టాలు ఊది, మట్టి అడ్డం పడుంటుందన్నాడు. మళ్లీ తిప్పితే మొదటిసారికే అందుకుంది. పాకాల దగ్గర మళ్లీ ఆగింది. నేను వెనక సీట్లో సర్టిఫికెట్ల ఫైలును కరుచుకుని కూర్చున్నాను. మామ ఈసారి అన్నీ చూసి తల గోక్కున్నాడు.

"పెట్రోలు వస్తాండాది, కరెంటు వస్తాండాది. వేగం అందుకుంటేనే గొంతు పట్టుకుంటాండాది. గాలి అందలేదేమో అన్నా."

"ఇంత బయల్లో ఉండాం, గాలికేం కరువప్పా?" అన్నాడు నాయన.

"అట్ల కాదు, ఇది పీల్చుకునేది ఈ నోట్లోనుంచే కదా" అని మామ వేలు పెట్టి చూపించింది నా దేవుడి గూడునే. ఇంజనులాగే నా ఊపిరీ ఆగిపోయింది. చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ నాయన అప్పటికే టైం పదవుతోందని కసురుతూ తాళం తిప్పాడు, పాడు బండి చక్కగా స్టార్టయింది. ఇంక ఆగదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. (పిరికివాళ్లకు ఇలాంటి నమ్మకాలు చాలా త్వరగా కుదురుతాయి.)

చంద్రగిరి ఇంకా కొంచెం దూరముందనగా మూడోసారి ఆగింది. పదిన్నర. నాయన దిగలేదు. స్టీరింగు పట్టుకునే, చాలా మెల్లగా అన్నాడు: "ఇరవై ఏండ్లు నమ్మినాను. ఈ దినం నా బిడ్డ పని చెడగొట్టినావు. ఇంక ఈ బండి ముట్టుకోవద్దప్పా."

మామ తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంటూ, "నా చేతిలోనే ఏదో పోయుంటాదిలే అన్నా" అన్నాడు.

నాయన కోపం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. "నాయనా" అన్నాను. ఎవరికీ వినపడలేదు. రెండోసారి అంటే రోడ్డు పక్క మేస్తున్న మేకలు తలెత్తాయి. "మామ తప్పు కాదు. ఆ గొట్టంలో ముడుపుండాది. నేనే పెట్టినా."

మామ రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, నల్లబడిన పసుపు మూటను బయటికి లాగాడు. నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, దూరంగా కనిపిస్తున్న కొండను చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"అన్నా, పాప ఏడుకొండల్నీ తెచ్చి దీని గొంతులో పెట్టింది. ఇంక యాడ కదుల్తాది?" అన్నాడు మామ.

నాయన నవ్వలేదు. దిగి, తాళాలు మామ చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయనకు తెలిసిన క్షమాపణ అదే.

కాలేజీకి చేరేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. తలుపు దగ్గర నిలబడ్డ లైబ్రేరియన్ మేడం, నా చేతిలోని జిడ్డు మూటను చూసి ఏమైందని అడిగింది. గొట్టంతో సహా అన్నీ చెప్పేశాను, ఒక్క మాట కూడా మింగకుండా. ఆమె చాలాసేపు నవ్వి, "దాచింది ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లే మాకు కావాలి, రా" అంది.

ఉద్యోగం వచ్చింది. బండి మూడుసార్లు ఆగింది కదా, మొక్కు చెల్లించాలా వద్దా అని డైరీలో రెండు పేజీలు వాదించుకున్నాను. నాయనే తేల్చాడు: "చేర్చినాడు కద మే, వేసేయ్." కొండకు నా వెంట వచ్చింది కూడా ఆయనే.

డైరీలో ఆ పేజీ మూల మీద, ముడుపు మూట నుంచి నా వేలికంటిన గ్రీజు ముద్ర ఇప్పటికీ ఉంది. అది కనిపించినప్పుడల్లా, వెనక సీట్లో ఫైలు కరుచుకుని ముడుచుకున్న ఆ పిల్లను భుజం తట్టి, పాకాల దగ్గరే చెప్పేయవే అనాలనిపిస్తుంది. వినదని తెలుసు. అయినా ఆ ముద్ర పక్కన నా వేలు పెట్టి చూసుకుంటాను.