బుధవారం తూకం

నర్సమ్మ గారు పోయారు. నల్లపాడులోనే మట్టి చేశారని, ఆవిడ దగ్గర ఆయాగా పనిచేసినామె కబురు చేసింది. ఆ కబురు నాకు చేరేసరికే రెండు రోజులైంది. చివరి చూపు దక్కలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎనభైల మొదట్లో నేను చీరాల నుంచి నల్లపాడుకు కోడలిగా వచ్చాను. మిరప చేలు ప్లాట్లుగా మారుతున్న కాలనీ. మాది రెండు గదుల రేకుల ఇల్లు. మా ఆయన మిర్చి కొట్లో గుమస్తా. "ఊరు కొత్త, మనుషులు కొత్త. గడప దాటొద్దు," అన్నారు వచ్చిన రోజే. ఆ మాట అత్తగారు తు.చ. తప్పకుండా అమలు చేశారు. బజారుకు వెళ్లేటప్పుడు బయట గొళ్లెం పెట్టేవారు. పాప పుట్టాక కూడా అంతే. వేడెక్కిన రేకుల కింద, ఆయన చొక్కాలకు పట్టిన మిరప ఘాటుకు దగ్గుతూ, ఎదుటి పునాదుల్లో మొలిచిన జిల్లేడు మొక్కలను కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

పాపకు మూడో నెలలో ఎవరో తలుపు తట్టారు.

"లోపల ఎవరమ్మా?"

"బయట గొళ్లెం ఉందండీ. మీరే తీసుకుని రండి."

తెల్లచీర నర్సమ్మ గారు లోపలికొచ్చి, గొళ్లేన్నీ నన్నూ చూశారు. అత్తగారు వచ్చేదాకా కదలకుండా కూర్చుని, "బుధవారం చర్చి హాలుకు పాపను తూకానికి తేవాలండీ. తల్లే తేవాలి. గవర్నమెంటు రూలు," అన్నారు. గవర్నమెంటు అనేసరికి అత్తగారు జంకారు.

చర్చి హాల్లో దూలానికి త్రాసు వేలాడేది. ఆవిడ రెండు చేతులూ రుద్దుకుని, వెచ్చబడ్డాకే పిల్లను ముట్టుకునేవారు. మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన కూలి తల్లులకు ముందు చేతులకు నూనె రాయించి, సబ్బుతో కడిగించేవారు. "ఈ చేత్తో పిల్ల కళ్లు తుడిస్తే ఇంకేమన్నా ఉందా?" అని కేకలేసేవారు. సూదికి ఏ పిల్ల ఏడ్చినా, "ఏడువు నాన్నా, నీ మాట నువ్వు చెప్పు," అనేవారు.

అందరి తూకం కార్డు మీద వచ్చే నెల తేదీ వేసేవారు. నా కార్డు మీద మాత్రం వచ్చే బుధవారం.

పాపకు అయిదో నెలో ఆరో నెలో, అత్తగారు నా వెంట వచ్చారు. "మా పిల్ల బొద్దుగానే ఉంది గదమ్మా! అందరికీ నెలకోసారంట, మాకే ఎందుకు వారం వారం?" అని నిలదీశారు.

నర్సమ్మ గారు కార్డు మూసేశారు. "పిల్ల బాగానే ఉందండీ. నేను చూస్తోంది తల్లిని. పలకరించే మనిషి లేక ఎండిపోతోంది. ఇక్కడికి రావడం మాన్పించమంటారా, మీరే చెప్పండి."

అత్తగారు హాలంతా కలయజూశారు. "నాకు మాత్రం ఎవరున్నారమ్మా పలకరించడానికి?" అన్నారు.

"అయితే మీరూ రండి," అని నర్సమ్మ గారు బెంచీ మీద జరిగి చోటిచ్చారు.

ఆ తర్వాత ఇద్దరం వెళ్లేవాళ్లం. అత్తగారు అక్కడి పిల్లలందరినీ ఎత్తుకునేవారు. మిగతా ఆరు రోజులు మారాయని మాత్రం అబద్ధం చెప్పను. గొళ్లెం అలాగే పడేది. కానీ ఆ ఒక్క రోజు కోసం మిగతావి గడిపాను. అది ఆవిడ పెట్టిన భిక్ష.

ఒక సాయంత్రం అత్తగారు పాపతో ముందు వెళ్లారు. నేను త్రాసు సర్దడానికి ఆగాను. "మీరు సెలవే పెట్టరేంటండీ?" అని అడిగాను.

"ఇంట్లో మా ఆయన మంచాన పడి తొమ్మిదేళ్లమ్మా. అందరూ సెలవు అడుగుతారు. నేనేమో ఇంకో ఊరి డ్యూటీ కూడా వెయ్యమని అడుగుతుంటాను," అని నవ్వారు.

రైలు గేటు దాకా కలిసి నడిచాం. మా కాలనీ ఇవతల, ఆవిడ ఇల్లు అవతల. గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. సైకిళ్లు, మిర్చి టిక్కీ బస్తాలు వేసుకున్న ఎడ్లబండ్లు ఒక్కసారిగా కదిలాయి. ఆవిడ పట్టాలు దాటి, అవతల రోడ్డు పక్కన ఆగిపోయారు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఇంటి దారి పట్టకుండా, బండి పోయిన వైపే చూస్తూ నిలబడ్డారు. నేను మా సందు మొదట్లో వెనక్కి తిరిగి చూసినప్పుడు కూడా, ఆ తెల్లచీర అక్కడే ఉంది.