టకటకతో బయల్దేరి రేపల్లె దాకా

తెనాలి నుంచి రేపల్లెకి కారులో గంట ప్రయాణం. మేము బాపట్ల మీదుగా ఆరు గంటలకు పైగా తీసుకుని వెళ్లాం. పాత కారులో, మా పనిలాంటి పనిమీద వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని ఈ సంగతులు రాస్తున్నాను.

మా చెల్లెలు రమకి ఏడో నెల. చలిమిడి పెట్టి పురిటికి తీసుకురావాలి. కిందటిసారి మూడో నెలలోనే కడుపు పోయింది. అప్పటినుంచి దానికి కంటినిండా నిద్ర లేదు. ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ పక్కన పడుకుంటే పడుతుందేమో అన్నయ్యా" అనేది. వాళ్ల అత్తగారు మంచి మనిషే, కాకపోతే భయస్థురాలు. కిందటి నెల మా కారు వాళ్ల వీధి మలుపు తిరుగుతుండగానే టకటక విని, "ఈ కుదుపుల బండిలో అయితే పిల్లని పంపనండి. తెలియని డ్రైవరు చేతిలో అసలే పెట్టను" అని తేల్చేశారు. అంటే కారు నోరు మూయిస్తేనే రమ ఇంటికొస్తుంది.

ముందురోజు తెనాలిలోనే మెకానిక్‌కి చూపించాం. మావైపు ఒక మర్యాద ఉంది. మెకానిక్ బండెక్కి చూస్తానంటే ఇంటిల్లిపాదీ దిగిపోతారు, సామాను కూడా దించేస్తారు. అలాగే దిగి నిలబడ్డాం. ఆయన ఒక్కడే అలా తిప్పుకొచ్చి, "ఏ సౌండూ లేదండి. ఎందుకైనా మంచిదని ముందు చక్రాల బోల్టులు బిగించాను" అన్నాడు. సంతోషంగా ఎక్కాం. వీధి చివరికి వచ్చేసరికి వెనకనుంచి టక్.

గురువారం పొద్దున ఆరింటికి నేనూ అమ్మా బయల్దేరాం. నాన్న ఇంటి దగ్గరే ఉండి రమ గదికి ఫ్యాను బిగించే పని పెట్టుకున్నాడు. అమ్మ వెనకసీట్లో, ఒళ్లో ఇత్తడి గిన్నెడు చలిమిడి. పొన్నూరులో టిఫిన్‌కి ఆగాం. ఇడ్లీ మెత్తగా ఉంది, అల్లం చట్నీ ఘాటుగా ఉంది. ఆ దారిన పోయేవాళ్లు ఏడున్నరలోపే వెళ్లండి, తర్వాత బల్ల దొరకదు. వడ్డించే ఆయన, "మీరు మలుపులో ఉండగానే ఇడ్లీ పెట్టేశానండి. సౌండు వినపడింది" అన్నాడు. అమ్మకి నవ్వు రాలేదు.

ఎనిమిదిన్నరకి బాపట్ల చేరాం. అక్కడ మా మేనత్తని ఎక్కించుకోవాలి. మా ఇంట్లో ఏ ఆడపిల్లకైనా ఒడిలో చలిమిడి పెట్టేది ఆవిడే. నలుగుర్ని కన్నతల్లి చెయ్యి అని అందరికీ నమ్మకం. అత్తయ్యది భారీ విగ్రహం, పైగా మోకాళ్ల నొప్పులు. నేనూ వాళ్లబ్బాయీ చెరో రెక్కా పట్టుకుని వెనక ఎడమవైపు కూర్చోబెట్టడానికి పావుగంట పట్టింది. కారు కదిలిందో లేదో, ఒక్క టక్ కాదు, టకటకటక.

"ఏంట్రా ఇది, మేళం పెట్టించావా?" అంది అత్తయ్య.

తొమ్మిదింటికి ఊరి చివర ఒక షెడ్డు తెరిచారు. మర్యాద ప్రకారం నేను దిగాను, అమ్మ గిన్నెతో సహా దిగింది. అత్తయ్య మాత్రం కదల్లేదు.

"దిగండి పిన్నిగారూ, ఒక రౌండు కొట్టొస్తాను" అన్నాడు మెకానిక్.

"ఎక్కించడానికే ఇద్దరు పట్టారు నాయనా. నేను దిగను. నన్ను కూడా తిప్పు."

పెద్దావిణ్ణి కూర్చోబెట్టి గుంతల్లో తిప్పడానికి అతను మొహమాటపడ్డాడు. ఆవిడ వింటేగా. కాసేపటికి ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు. "దొరికిందండి. వెనక ఎడమవైపు బరువు పడితేనే కొడుతోంది. ఖాళీ బండిలో రాదు" అన్నాడు. ఇన్నాళ్లూ మర్యాదకి దిగిపోయి, దొంగని మేమే దాటించేశామన్నమాట.

జాకీ మీద లేపి చూస్తే, వెనక షాకబ్జార్బరు కింది కొసన ఉండే రబ్బరు బుష్ అరిగి పొడైపోయింది. ఇనుము ఇనుముని కొడుతోంది. కొత్త బుష్ బజార్లోనే దొరికింది. బిగించేముందు జాకీ దించేసి, "అందరూ ఎక్కి కూర్చోండి. చక్రం గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి మళ్లీ పోతుంది" అన్నాడు. ఈసారి ఎవరం మర్యాదకి పోలేదు. అమ్మ, అత్తయ్య, చలిమిడి, నేను, అందరం బుద్ధిగా కూర్చుంటే అతను కింద దూరి బోల్టు బిగించాడు.

పదకొండు దాటాక చెరుకుపల్లి మీదుగా పోయాం. రోడ్డు బాగాలేదు గానీ కారు నోరెత్తలేదు. పన్నెండున్నరకి రేపల్లె. ఒంటిగంటన్నరకి రాహుకాలం, ఆలోపు రమ గడప దాటాలి. రమ అప్పటికే చీర మార్చుకుని కూర్చుంది. కానీ వాళ్ల అత్తగారు, "ముందు నేను ఎక్కి చూస్తానండి" అన్నారు. వెనక ఎడమవైపే కూర్చున్నారు. స్టేషన్ దాకా, గేటు మీదుగా తిప్పాను. పట్టాలు దాటుతుంటే ఊపిరి బిగపట్టాను. ఒక్క టక్ కూడా రాలేదు. ఇంటి ముందు దిగి, "అమ్మాయి పెట్టె తీసుకురండి" అన్నారు. అంతే, రమ ఏడ్చేసింది.

ఒడిలో చలిమిడి పెట్టించుకుని, నాలుగు ముద్దలు తిని, ఒకటింబావుకి బయటపడ్డాం. అత్తయ్య ముందుసీట్లో, రమ వెనక అమ్మ పక్కన. భట్టిప్రోలు రాకముందే రమ తల అమ్మ భుజం మీద వాలింది. కాలవ గట్టు వెంట గాలి చల్లగా కొడుతోంది. అత్తయ్య ఏదో చెప్పబోయి, వెనక్కి చూసి మానుకుంది.

తెనాలి చేరేసరికి రెండున్నర. రాహుకాలంలో ఇంట్లో అడుగుపెట్టకూడదని అమ్మ ముందే చెప్పింది కాబట్టి వీధిలోకి తిరక్కుండా ఊరు చుట్టాను. పెట్రోలు గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. మూడు దాటాక గొంతు తగ్గించి, "రాహుకాలం అయిపోయిందమ్మా, ఇంటికి పోదామా?" అన్నాను.

అమ్మ భుజం కదలకుండా రమ మొహంలోకి చూసింది.

"నా వాచీలో ఇంకా అవలేదు. ఇంకో రౌండు కొట్టు" అంది.

అమ్మకి వాచీ లేదు.