మిల్లు పక్క బోరు

నర్సీపట్నంలో నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబులో ఉద్యోగం నాది. ఊళ్ళకు వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టుకురావాలి, పరీక్ష చేసి, కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. పదిహేనేళ్ళుగా ఇదే పని. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మాకవరపాలెం వైపు ఒక ఊరి చివర జీడిపిక్కల తొక్కలు ఆడించి నూనె తీసే మిల్లు ఉంది. జీడిపప్పు రుచి అందరికీ తెలుసు. తొక్కలోని నల్లటి నూనె తగిలితే చేతుల తోలు ఊడొస్తుందని పిక్కలు కొట్టే ఆడవాళ్ళకే తెలుసు. ఆ నూనె రంగుల ఫ్యాక్టరీలకు పోతుంది. మిగిలిన మడ్డి మిల్లు వెనక గోతిలోకి పోతుంది. ఆ గోతి పక్కనే, గోడకు ఇవతల, ఆ వీధి వాళ్ళు తాగే బోరు. నీళ్ళు జిడ్డుగా వస్తున్నాయని వాళ్ళు అర్జీల మీద అర్జీలు పెట్టారు. చివరికి ఎవరో పెద్దమనసు చేసుకుని, నీళ్ళు పరీక్ష చేయించమని రాశారు. అలా నేను వెళ్ళాను.

మే నెల ఎండ. ఆటో దిగేసరికే మిల్లు పొగకు కళ్ళు మండాయి. అర్జీ మీద మొదటి వేలిముద్ర వేసిన పెద్దావిడ ఎదురొచ్చి, అరుగు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. తోమిన స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. గటగటా తాగేశాను.

"బోరు ఎక్కడండీ? సీసాలో నీళ్ళు పట్టుకోవాలి" అన్నాను.

"అక్కడికి మీరెందుకమ్మా, పొగ కొట్టేత్తాది. నీల్లు తెచ్చి ఉంచినాను గదా. ఈ బిందిలోవి పట్టుకెల్లండి."

ఆవిడ ఆ బిందె నింపింది ఊరవతల చెరకు తోట బోరు దగ్గర. ఆ ఎండలో నడిచి వెళ్ళి, గుడ్డతో వడకట్టి మరీ తెచ్చింది. ఇంటికొచ్చిన ఆఫీసు మనిషికి జిడ్డు నీళ్ళు ఇవ్వడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. తాగడానికని, పరీక్షకని తేడా ఆవిడకు తట్టలేదు. నాకు తట్టింది. దారిలో పడిన నీటి చుక్కలు తోట వైపు నుంచి వస్తున్నాయి, మిల్లు వైపు నుంచి కాదు. పైగా మిల్లు పక్క నీళ్ళు అంత తియ్యగా ఉండవని చెప్పడానికి ల్యాబు కూడా అక్కర్లేదు.

బోరు మనమే కొట్టాలి, మొదటి నీళ్ళు వదిలెయ్యాలి, సీసా నేరుగా పంపు కింద పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట తిట్టి మరీ నేర్పింది నేనే. ఆ రోజు ఇంకా నాలుగు ఊళ్ళు తిరగాలి. తల పగిలిపోతోంది. ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. సీసాను బిందెలో ముంచి, 'మిల్లు పక్క బోరు' అని చీటీ అంటించాను.

తాగడానికి పనికొస్తాయని రాసి సంతకం పెట్టాను. అర్జీ మూసేశారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

వానలు తగ్గాక ఇంకో పని మీద ఆ ఊరు వెళ్ళాను. ఆ వీధి తొక్కకుండా వచ్చేద్దామనుకున్నాను గానీ ఆవిడే చూసి పిలిచింది. మిల్లు పక్క బోరు కొడుతోంది. బిందెలో నీళ్ళ మీద నూనె తెట్టు తేలుతోంది.

"తోట బోరుకు వెళ్ళడం లేదా?" అన్నాను.

"నీల్లు జిడ్డుగొచ్చిన కాన్నుంచి తాగడానికి అక్కడికే ఎల్లేవోల్లం. ఇప్పుడు మానీసినామమ్మా. మోకాల్లు నొప్పులు. బాగున్నాయని మీరు రాసినారు గదా. కోడలు కడుపు మండుతందని తాగనంటే నానే తిట్టి తాగిత్తన్నాను. సదువుకున్న తల్లి సంతకం పెట్టింది, నీకు తెలుసేటే అని."

"ఇవి తాగకండి. ఆ రోజు నేను పట్టుకెళ్ళింది మీరు తోట నుంచి తెచ్చిన నీళ్ళు" అన్నాను.

ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో తల్లీ, ఎంత పని సేసీసినాను! మీకేటి తెలుస్తాది? నానైనా సెప్పుండాల." ఇంటివైపు తిరిగి కోడలిని కేకేసింది. "ఓలమ్మా, ఆ నీల్లు తాగకే. తప్పు నాదే."

నాకు తెలుసండీ, తెలిసే ముంచాను అనాలి. నాలుగు మాటలు. అనలేదు. ఈసారి నేనే బోరు కొట్టి, సీసా పంపు కింద పెట్టి నీళ్ళు పట్టుకున్నాను. తాగడానికి పనికిరావని రాసి ఇచ్చాను. ఆ కాగితం ఇంకా ఏదో ఆఫీసులోనే ఉంది.

మొన్న ఆ ఊరి నుంచి ఒకామె ల్యాబుకు వచ్చింది. వీధంతా ఆ పెద్దావిడనే దెప్పుతున్నారట. ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పదట. ఆ మోకాళ్ళతోనే పొద్దున్నా సాయంత్రం తోట బోరుకు వెళ్ళి, తన ఇంటికే కాదు, పక్కిళ్ళకు కూడా నీళ్ళు మోస్తోందట.