నడిచే మనిషికి చోటు

మా డ్రిల్లు టీచరుగారు పోయారని ఫోనులో చెప్పిన మనిషి, వెంటనే, ఊపిరైనా తీసుకోకుండా, "అయినా ఆ వయసులో పొద్దుపొద్దున్నే రోడ్డు మీద నడకేంటండీ?" అన్నాడు. చావు కబురూ, తప్పెవరిదో తీర్పూ, రెండూ ఒకే ఊపులో. నేను ఫోను పెట్టేశాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఇప్పటికీ అదే ఉంది. ఈ నాలుగు మాటలూ మెత్తగా రాయలేకపోతే పాఠకులు మన్నించాలి.

ఆవిడ పర్చూరులో ఆడపిల్లలకు ఆటలు నేర్పి రిటైరయ్యారు. నేను ఆవిడ శిష్యురాలిని, ఇప్పుడొక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. రిటైరయ్యాక ఆవిడ మా ఊరి ఇంటరు, డిగ్రీ పిల్లలను పోగేసి ఒక యువజన బృందం పెట్టారు. ఏటా చలి తగ్గి ఎండ ముదరకముందు, ఒక శనివారం, ఆదివారం, వాళ్ళ వీపులకు సంచులు తగిలించి సముద్రం దాకా నడిపించేవారు. పత్తి చేలూ మిరప చేలూ దాటుకుంటూ వెళ్ళి, దారిలో ఏదో ఊరి బడి వరండాలో పడుకుని, మర్నాటికి వాడరేవు చేరడం. బైకు మీద పోయే చోటికి నడిచిపోవడమేంటని ఊళ్ళో నవ్వేవాళ్ళు.

"బైకు మీద పోతే సముద్రం కనపడుద్ది. నడిచిపోతే మన ఊరు కనపడుద్ది" అనేవారావిడ.

నడక కన్నా దాని ముందు జరిగే ఏర్పాట్లే ఆవిడకు ఎక్కువ ఇష్టమేమో అని నాకనిపించేది. ముందుగా తానొక్కతే దారంతా నడిచి వచ్చేవారు. ఎవరి మోటారు దగ్గర మంచినీళ్ళు పట్టుకోవచ్చు, ఏ బడి తాళాలు ఎవరి దగ్గరుంటాయి, అన్నం ఎవరు వండిపెడతారు, అన్నీ మనిషి మనిషినీ కలిసి మాట్లాడుకునేవారు. ఏ చేలో పురుగుమందు కొట్టబోతున్నారో తప్పకుండా అడిగేవారు. మందు కొట్టిన చేను గట్టు మీద పిల్లలను అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

బయల్దేరే ముందు ఆదివారం సంచుల తనిఖీ. నిండు సంచి వేసుకుని ఆటస్థలం చుట్టూ నడవాలి. ఆయాసపడ్డ వాళ్ళ సంచి విప్పి ఆవిడే లోపలివన్నీ బయటపెట్టేవారు. ఒకసారి మా కరీముల్లా సంచిలోంచి పెద్ద స్పీకరు బయటపడింది.

"ఇదెందుకురా?"

"పాటలకండీ."

"నువ్వు పాడు. నీ గొంతుకు బరువుండదు."

ఒకమ్మాయి ఫోటోల కోసమని మూడు డ్రస్సులు తెచ్చుకుంటే, "ఫోటోకి మొహం చాలదటే?" అని రెండు తీసేయించారు. తర్వాత అందరినీ మరో చుట్టు తిప్పి, ఎవరు వెనకబడ్డారో చూసి, "ఇదిగో, ఈ పిల్ల ఎంత వేగంగా నడిస్తే మనందరం అంతే. ముందుకురికేవాళ్ళు ఇంటి దగ్గరే ఉండండి" అనేవారు. ఆ మాట అన్నాక ఎవరూ ఉరకలేదు.

అన్నిటికన్నా కష్టమైన ఏర్పాటు ఆడపిల్లల తండ్రుల దగ్గర. నన్నూ వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. ఈ ఏడాది శ్రావణి వాళ్ళింటికి వెళ్ళాం. డిగ్రీ చదువుతోంది. తండ్రి కౌలు రైతు, మిరప వేశాడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, తాను నిలబడే, "ఆడపిల్లలు సంచులేసుకుని ఊళ్ళెంట తిరగడమేంటండీ? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

టీచరుగారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "మీ అమ్మాయి సెలవు రోజుల్లో చేలో పొద్దుగూకులూ వంగి కాయలు కోస్తుంది. అప్పుడు నలుగురూ ఏమీ అనుకోలేదుగా? రెండు రోజులు దాన్ని నిటారుగా నడవనివ్వండి" అన్నారు.

ఆయన ఇంట్లోకి కేకేశాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. ఒప్పుకున్నాడనుకుని తాగి వచ్చేశాం.

ఇక కంకర కుప్ప సంగతి చెప్పాలి. రోడ్డు వెడల్పు చేస్తామని కాలువ వంతెన దగ్గర గుట్టలాగా పోసి, పని మధ్యలో వదిలేశారు. రోడ్డు పక్కనున్న మట్టి దారినంతా అది మింగేసింది. నడిచే మనిషి దాన్ని చుట్టుకుని తారు మీదికి, లారీల ముందుకు రావలసిందే. కనిపించిన ప్రతి పెద్దమనిషికీ టీచరుగారు ఆ మాట చెప్పారు. ఆ పని చేయిస్తున్న మా ఊరి నాయకుణ్ణి నా ఎదుటే బజార్లో ఆపి, "ఆ కుప్ప మీరు తీయిస్తారా, మా పిల్లలచేత పారలతో ఎత్తించనా?" అని అడిగారు. ఆయన నవ్వాడు. "టీచరుగారూ, మీకు నడక తప్ప ఇంకో పని లేదా అండీ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

నడకకు ఇంక వారమే ఉంది. టీచరుగారు దారి చూసి రావడానికి పొద్దున్నే బయల్దేరారు. వంతెన దగ్గర కుప్పను చుట్టుకోవడానికి తారు మీదికి దిగారు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీల బస్తాలు వేసుకుని పరిగెడుతున్న లారీ వచ్చి గుద్దింది.

మర్నాడు పరామర్శకు ఎవరో పెద్దవాళ్ళు కార్లలో వస్తున్నారన్నారు. పొక్లెయిను వచ్చింది. ఆ కుప్పనంతా ఒక్క పూటలో ఎత్తేసి, కింద నేల చదును చేసి, దుమ్ము లేవకుండా నీళ్ళు కూడా చల్లారు. నేను వంతెన మీద నిలబడి చూశాను. నెలల తరబడి కదలనిది ఒక్క పూటలో కదిలింది. ఆ ఒక్క పూట ఆవిడ బతికుండగా ఎందుకు దొరకలేదు?

సంతాపసభకు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆవిడ ఫోటో కన్నా నాయకుల ఫోటోలే పెద్దవి. కంకర పోయించిన ఆయన మైకు పట్టుకుని, టీచరుగారు యువతరం కోసం ప్రాణాలర్పించిన త్యాగమూర్తి అన్నాడు. ఇంక నేను కూర్చోలేకపోయాను. వెళ్ళి మైకు తీసుకున్నాను.

"ఆవిడ ప్రాణం అర్పించలేదండీ. ఆవిడకు బతకాలనే ఉంది. మీరు పోయించిన కుప్ప ఆవిణ్ణి లారీ కిందికి తోసింది" అన్నాను.

మైకు ఆపేశారు. ఎవరో నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆ గొడవలోనే వెనక వరసలోంచి శ్రావణి లేచి నిలబడింది.

"మేడం, శనివారం వెళ్తున్నామా?"

"ఇంకా ఆ మాటెత్తుతావేంటే! ఆ నడకే కదా ఆవిణ్ణి చంపింది!" అని ఒకావిడ గద్దించింది.

"వెళ్తున్నాం" అన్నాను. ముందు ఆలోచించి అన్న మాట కాదు. అనేశాక మాత్రం వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

సగం మంది తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు. మిగిలినవాళ్ళ కోసం దారి మార్చాను. వంతెన దగ్గర రోడ్డు దాటి, అక్కణ్ణుంచి కాలువ గట్టు మీదుగా చేలల్లోకి. రైతులను అడగడానికి వెళ్తే ఒకాయన, "మీ టీచరుగారు ముందే ఫోను చేసిందమ్మా. మందు కొట్టడం సోమారానికి మార్చుకున్నా. రండి" అన్నాడు. నేనా గట్టు మీదే కూర్చుండిపోయాను. ఆవిడ పోయాక నేను బాగా ఏడ్చింది అక్కడే.

శుక్రవారం శ్రావణి తండ్రి మా స్కూలు గేటు దగ్గరికి వచ్చాడు. "మా పిల్ల ఆగేట్టు లేదండీ. వంతెన కాడ రోడ్డు దాటాల్సిందేగా? దాటించేదాకా నేనుంటా" అన్నాడు.

శనివారం మాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, సరాసరి రోడ్డు నడిమధ్యకు వెళ్ళి, రెండు చేతులూ చాపాడు. టిక్కీల లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వచ్చి, ఆయన ముందు కీచుమంటూ ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏందయ్యా, చావాలనుందా? యార్డుకు టైమైపోతాంది, తప్పుకో!"

"యార్డు ఎక్కడికీ పోదులే, ఆగు! ఇక్కడ మనుషులు నడుస్తున్నారు!"

లారీ వెనక బస్సు ఆగింది, ఆటోలు ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. పిల్లలు కంగారుపడి పరుగందుకోబోయారు.

"పరిగెత్తబాకండి!" అని అరిచాడాయన, మా వైపు తిరగకుండానే. "నడవండి!"

నడిచారు. వీపుల మీద సంచులు ఒక్కొక్కటే లారీ ముందు నుంచి కదిలిపోతున్నాయి. ఇంజను గుర్రుమంటోంది. మిరప ఘాటుకు పిల్లలు వరసగా తుమ్ముతున్నారు. ఆఖరి పిల్ల గట్టెక్కేదాకా ఆయన చాపిన చేతులు దించలేదు.