ఐదో క్రాస్ దగ్గర డెబ్బై నాలుగు డిగ్రీలు

రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల ముందు, ఒక ఆగస్టులో, నన్ను సర్వేయరుగా బెంగళూరు శివారు యలహంక వైపు వేశారు. చేరిన వారంలోనే ఒక ఫిర్యాదు చేతికొచ్చింది. ఒక లేఅవుట్‌లో మూలసైటు యజమాని ఓబులేసు గోడ ఐదో క్రాస్ రోడ్డులోకి వచ్చిందట. ఓబులేసు మడకశిర నుంచి వచ్చిన తాపీమేస్త్రి. ఆ ఇల్లు తన చేత్తో కట్టుకున్నాడు.

"నేను రోడ్డు మిందికి పోలేదు సార్. రోడ్డే నా ఇంట్లోకి వచ్చుండాది. దానికి కాఫీ కూడా ఇయ్యాల్నేమో!" అన్నాడు.

ఇలాంటప్పుడు గోడ కంటే ముందు రోడ్డును కొలవాలి. ఆమోదించిన ప్లానులో నాలుగో, ఐదో క్రాసులు సమాంతర రేఖలు. వాటిని ఏటవాలుగా కోసే మెయిన్ రోడ్డు తిర్యగ్రేఖ. రెండు కూడళ్లలో ఒకే స్థానంలో ఉన్న కోణాలను సదృశ కోణాలంటారు. రోడ్లు సమాంతరమైతే అవి సమానంగా రావాలి. వాయవ్య కోణం నాలుగో క్రాస్ దగ్గర డెబ్బై డిగ్రీలు వచ్చింది, ఐదో క్రాస్ దగ్గర డెబ్బై నాలుగు. పరికరం తిరిగి నిలిపి కొలిచినా అంతే.

నాలుగు డిగ్రీలంటే నలభై అడుగుల సైటు చివర దాదాపు మూడడుగులు. కారణం ఎదురుగానే ఉంది. ఐదో క్రాసుకు దక్షిణాన ఉన్న పెద్దమనిషి, ఈశాన్యం పెరిగితే ఐశ్వర్యమని వాస్తు పంతులు చెప్పగా, కాంపౌండు మూలను బయటికి జరిపాడు. తారు వేసినవాళ్లు దాన్ని తప్పించి ఓబులేసు వైపు ఒరిగారు.

రెండు కోణాలూ చూపిస్తూ స్కెచ్ ఇచ్చాను. మా పై అధికారి దాన్ని వెనక్కి తోశాడు.

"ప్లాన్‌లో ప్యారలల్ అని ఉండాది కదప్పా. ఒకటి డెబ్బై అయితే రెండోదీ డెబ్బయ్యే. ఎనిమిదో క్లాసు పిల్లోడూ చెప్తాడు."

కాదంటే విచారణ, పెన్షన్‌కు అడ్డు. అవి అతను చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. డెబ్బై అని దిద్ది సంతకం పెట్టాను. ఆ సంతకంతో వంకర రోడ్డు తిన్ననైంది, ఓబులేసు గోడ ఆక్రమణ అయింది.

కూల్చే యంత్రం వస్తే ఇటుకలు కూడా దక్కవని అతను తన గోడను తానే విప్పుకున్నాడు. "మీరు కొలిచింది నేను చూసినా సార్" అన్నాడు, అంతే.

హేతువాద సభల్లో వాస్తును చీల్చి చెండాడినవాణ్ణి నేను. పంతులు శాస్త్రం పేరుతో మూల జరిపిస్తే, నేను రేఖాగణితం పేరుతో దానికి రాజముద్ర వేశాను. కోణాలు సమానమని తేలాకే గీతలు సమాంతరమనాలి. కాగితం సమాంతరమంటోంది కనుక కొలిచిన కోణాన్ని కొట్టేయడం, గ్రంథంలో ఉందని కళ్లు మూసుకోవడం లాంటిదే. కనుక సర్వేయరు సంతకం చూసి స్కెచ్‌ను నమ్మకండి. స్థలంలో కొలిచింది కొలిచినట్టు అతను నింపిన ఫీల్డు బుక్కు కూడా అడగండి. నా దాంట్లో డెబ్బై నాలుగే ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చూపలేదు.