కోకాపేట సముద్రంలో రాగి కాణీ

భూమ్మీద ఉన్న సముద్రాలన్నిటికీ కలిపి ఒక్కరే మేనేజరు. ఆయన మూసాపేటలో, మెట్రో స్టేషను వెనక సందులో, మా ఇంట్లోనే ఉంటాడు. ఆటుపోట్లు చంద్రుడి వల్ల వస్తాయని బడిలో చెప్పారు. కావచ్చు. కోకాపేటలో మాత్రం అవి మా తాతయ్య రామబ్రహ్మం వల్ల వస్తాయి. ఆయన గొట్టం కిందికి వదిలితే ఆటు, మోటరు వేస్తే పోటు.

నేను రసజ్ఞను, ఆయన కూతురి కూతుర్ని. ఇంటర్ ఫిజిక్సు దగ్గర చదువూ నేనూ మర్యాదగా విడిపోయాం కనుక చంద్రుడి సంగతి నన్ను గట్టిగా అడక్కండి. చదువు రావాలని మా అమ్మ నా వేలికి రాగి ఉంగరం తొడిగింది. చదువు రాలేదు, ఉంగరం మిగిలింది. తాతయ్య దగ్గర పనిలో చేరాక అది వేలికంటే జేబులోనే ఎక్కువ ఉంటోంది.

కోకాపేటలో ఒక ఆఫీసు టవరు కింది అంతస్తులో, లిఫ్టులకు ఎదురుగా, గోడంత అక్వేరియం ఉంది. మామూలు చేపల తొట్టి కాదు. ఉప్పునీళ్ళు, రాళ్ళు, ఆ రాళ్ళ మీద బతికున్న పగడాలు, వాటి సందుల్లో రొయ్యలు, నత్తలు. తాతయ్య బాలానగర్‌లో పంపులు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరై, ఒకసారి ఆ తొట్టి పంపు బాగుచేయడానికి వెళ్ళాడు. పంపు బాగైంది, ఆయన మాత్రం ఇంటికి సరిగ్గా తిరిగి రాలేదు. ఆయనది ఉప్పాడ పక్క పల్లె. పుట్టిన ఇల్లు ఎప్పుడో కోతకు గురై సముద్రంలో కలిసిపోయింది. ఆ కోపం లేదా అని అడిగితే, ఇల్లు తీసుకున్న మాట నిజమే గానీ అంతకు ముందు అన్నం పెట్టింది కూడా అదేగా అంటాడు.

వారం వారం మేం ఆ తొట్టిలో కొంత పాతనీరు తీసి కొత్తనీరు పోయాలి. లేకపోతే చేపల మురికి పేరుకుంటుంది, పగడాలు తినే సున్నం తరిగిపోతుంది. సెల్లారులో పెద్ద డ్రమ్ముల్లో శుద్ధి చేసిన నీళ్ళు నింపి, సముద్రపు ఉప్పు కలిపి, ఒక రోజంతా మోటరుతో తిప్పుతాం. ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి ఒక పరికరం ఉంది. తాతయ్య ముందు నాలుక మీద ఒక చుక్క వేసుకుని, తర్వాత పరికరం చూస్తాడు. రెండూ కలవని రోజున పరికరం పాడైందంటాడు. అది ఎన్నడూ పాడవలేదు. వేడి మాత్రం మణికట్టు మీద పోసుకుని చూస్తాడు, పసిపిల్లకు లాలపోసే నీళ్ళు చూసినట్టు. నాకూ అలాగే పోశాడట. అప్పట్లో నేను చేపల కంటే ఎక్కువ గోల చేసేదాన్నని పైగా ఒక సాధింపు.

ఆ తొట్టి దగ్గర ఆయనకో శాసనం ఉంది. గాజులు, ఉంగరాలు, కడియాలు ఏవీ నీళ్ళు తాకకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా రాగి. మనకు రాగిచెంబు నీళ్ళు మంచివేమో గానీ, రొయ్యలకూ పగడాలకూ రాగి విషం.

అంత శాసనం పెట్టిన మనిషి ఏం చేశాడో చూడండి.

ఒకరోజు నీళ్ళు మారుస్తుండగా పట్టాభిరామయ్యగారని ఒక పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆ ఆఫీసు డైరెక్టరుగారి తండ్రి, రాజమండ్రి మనిషి. మూత తీసి ఉంది. ఆయన వాసన చూసి, ఇవి సముద్రపు నీళ్ళేనాండీ అని అడిగారు. సముద్రపు నీళ్ళేనండి, ఇక్కడే కలుపుతాం అన్నాడు తాతయ్య. ఇద్దరూ గోదావరి వంతెన గురించి, అంతర్వేది గురించి మాట్లాడుకున్నారు. మోకాళ్ళు పోయాక రైలెక్కడం లేదనీ, వంతెన మీంచి గోదాట్లో వేయడానికి దాచిన పాత రాగి కాణీలు సంచిలోనే ఉండిపోయాయనీ చెప్పారు పెద్దాయన. తర్వాత చిన్న గుడ్డసంచి తీశారు.

"వేసుకోవచ్చాండి?"

గొట్టం పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. తాతయ్య వద్దంటాడనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుని, చెప్పులు విడిచి పక్కకు పెట్టాడు.

"వేయండి. నా పేర కూడా ఒకటి వేయండి."

పెద్దాయన లిఫ్టెక్కగానే తాతయ్య పొడుగాటి పట్టకారుతో కాణీలన్నీ ఏరేశాడు. కనిపించినవన్నీ. మధ్యలో చిల్లి ఉండే కాణీ ఒకటి మాత్రం రాళ్ళ వెనక్కి జారిపోయింది. అది మాకు తెలియదు.

కొన్నాళ్ళకు నత్తలు అద్దం మీది నుంచి రాలిపడ్డాయి. రొయ్యలు చచ్చిపోయాయి. తాతయ్య ముద్దుగా చూసుకునే పెద్ద పగడం, పుట్టగొడుగులా గుండ్రంగా విచ్చుకునేది, ముడుచుకుని గోధుమరంగు ముద్దైంది. ఆఫీసు నిర్వహణ చూసే ఉమాశ్రీగారు కడప మనిషి, మంచిదే గానీ కంగారెక్కువ. నేల తుడిచే మందు తొట్టిలో చిందిందని ఆమె అనుమానం. తుడిచే సీతాబాయిని పిలిపించి గట్టిగా అడుగుతోంది. సీతాబాయి కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

తాతయ్య అప్పటికే నీళ్ళు పరీక్ష చేశాడు. సీసాలో వచ్చిన రంగు నాక్కూడా చూపించాడు. ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. నేరుగా వాళ్ళ మధ్యకు వెళ్ళాడు.

"ఆవిడనేమీ అనకండమ్మా. నీళ్ళలో రాగి ఉంది. కాణీలు వేయించింది నేనే."

ఎవరు వేశారో మాత్రం చెప్పలేదు. ఉమాశ్రీగారు అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఈ తొట్టి తీసేసి గోడకు పెద్ద తెర బిగించి చేపల వీడియో ఆడించాలని పైవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారట. వీడియోకు నీళ్ళు మార్చక్కర్లేదు, తాతయ్యా అక్కర్లేదు. తెరవాళ్ళు వచ్చే సోమవారం కొలతలకు వస్తున్నారు.

"అప్పటికి ఆ పగడం విచ్చుకుంటే నేను మాట్లాడతా తాతగారూ. లేకపోతే నా చేతుల్లో లేదు."

ఆమె వెళ్ళాక సీతాబాయి కళ్ళు తుడుచుకుంది. "ఏంది తాతా, జర ముందుగాల చెప్పొద్దా? నా నౌకరీ పోతుండె." తిట్టింది, తిట్టి, బకెట్ ఎత్తింది.

రాళ్ళు ఒక్కొక్కటే కదిపి ఆ కాణీ పట్టుకున్నాం. అంచు పచ్చబడి ఉంది. నీళ్ళన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అన్నాను. లంఖణం చేసినవాడికి లేవగానే విందు పెడతారటే అన్నాడు. అందుకని రోజూ కొంత తీసి, కొంత పోశాం. రాగిని పీల్చుకునే బొగ్గు సంచుల్లో కట్టి నీరు పారే దారిలో వేలాడదీశాం. నేను డ్రమ్ములు తిప్పాను, సీతాబాయి తన పని అయ్యాక బకెట్లు అందించింది. సంగతి తెలిసి, తాతయ్య వద్దన్నా వినకుండా పట్టాభిరామయ్యగారు కొడుకు దగ్గర నిజం చెప్పేసి, తొట్టి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆ వారమంతా తాతయ్య నన్ను ఒక్కసారీ సాధించలేదు. నాకు దానికే భయమేసింది.

సోమవారం తెరవాళ్ళు టేపు పట్టుకుని వచ్చేసరికి పగడం ఒక పక్క మాత్రమే విచ్చుకుంది, నిద్రలేచి ఒక కన్ను తెరిచినట్టు. రెండో పక్క అంచు చచ్చిపోయింది, అది ఇక రాదు. ఉమాశ్రీగారు ఆ ఒక్క పక్క చూసి, మాట ప్రకారం పైకి వెళ్ళి మాట్లాడింది. డైరెక్టరుగారు తండ్రి కుర్చీ ఎక్కడుందో చూశారు. తెర క్యాంటీన్ గోడకు వెళ్ళింది.

ఉమాశ్రీగారికి, సీతాబాయికి, పెద్దాయనకు నేను రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువ తాతయ్యకు. చదువు వదిలిన పిల్లకు చాలామంది సలహాలిచ్చారు, గొట్టం చేతికిచ్చి పక్కన నిలబెట్టుకున్నది ఆయనొక్కడే. ఆ రోజు సీతాబాయి ముందుకు ఆయన నడిచి వెళ్ళిన తీరు చూసే నాకు ఈ పనంటే గౌరవం కుదిరింది.

ఇదంతా రాసి, నిన్న నీళ్ళు మార్చేటప్పుడు ఆయనకు చదివి వినిపించాను. సముద్రాల మేనేజరు అన్నచోట నవ్వుతాడనుకున్నాను. రుణం అన్నచోట కళ్ళు తుడుచుకుంటాడనుకున్నాను. ఆయన నా చేతి వైపే చూస్తున్నాడు.

"రాసింది చాలు గానీ, ముందా ఉంగరం తీసి గొట్టం పట్టుకో."