బోటో మీద నీడ పడకూడదు

మా జపర్ బాబాయ్ ఇంట్లో నిటారుగా నడవడం నేరం. గుమ్మం దాటగానే నడుం వంచాలి. తల కిటికీ అంచుకి కిందే ఉండాలి. ఏదో దొంగిలించి పారిపోతున్నవాడిలా గోడవారగా జరగాలి. ఇదంతా బొటనవేలంత ఆల్చిప్ప కోసం. దాని పేరు బోటో, అంటే ఒంటెపిల్ల. మనిషి నీడ పడితే బెదిరిపోయి డిప్పలు మూసేసుకుంటుంది. దానికి వెలుతురే తిండి. మూసుకుని కూర్చుంటే మాడి చస్తుంది. దానికి ముందు తెచ్చిన రెండూ చచ్చాయి.

మా తొక్మోక్ ఊరి నుంచి ఎటు బయల్దేరినా సముద్రం వారం దూరం. ఇక్కడ జనం గొర్రెల్ని పెంచుతారు, గుర్రాల్ని పెంచుతారు. ఈయన ఉప్పునీళ్ల తొట్టి కొని, పగడపు రాళ్లు పేర్చి, తీసుకెళ్లి హాల్లో పై చోటులో పెట్టాడు. పై చోటంటే వచ్చినవాళ్లలో అందరికంటే పెద్దాయన కూర్చునేది. ఎనభై రెండేళ్ల మా ఎర్గెష్ మామయ్య ఇప్పుడు గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంటున్నాడు.

ఇంతకీ బాబాయ్ ఎవరనుకున్నారు? ముప్పై ఏళ్లు బళ్లో డ్రిల్లు మాస్టారు. "నడుం నిలబెట్టరా, గొర్రెలా వంగుతావేం!" అంటూ ఊళ్లో ప్రతి వీపునీ చరిచిన చెయ్యి అది. ఎనిమిదేళ్లప్పుడు నాకు తగిలినచోట ఇప్పటికీ చలికాలం సలుపుతుంది.

ఓసారి కరెంటు మీటరు చూసేవాడు వచ్చాడు.

"వంగు!" అన్నాడు బాబాయ్.

"నేను ప్రభుత్వ ఉద్యోగినండీ."

"అయితే అలవాటే కదా, ఇంకాస్త వంగు."

పిల్ల ఆల్చిప్పకి ఒట్టి వెలుతురు చాలదట. అందుకని పొద్దున్నే చుక్కలమందు గొట్టంతో పచ్చటి నాచునీళ్లు పట్టేవాడు. డిప్ప కింద నువ్వుగింజంత నత్తలు చేరి దాన్ని పీల్చేస్తాయని వారానికోసారి బ్రష్షుతో దులిపేవాడు. ఆ బ్రష్షు గుల్సున్ పిన్నిది.

"నేను పళ్లెలా తోముకోవాలి?" అని అరిచింది పిన్ని.

"మెల్లగా! అది నోరు మూసుకుంటే చస్తుంది."

"నువ్వు మూసుకుంటే మేం బతుకుతాం."

బోటోని చూడటానికని మూడో అంతస్తు సాలికా అవ్వ ప్రతి ఆదివారం వచ్చేది. నలభై ఏళ్లు బీట్‌దుంపల చేలల్లో వంగి వంగి ఆవిడ నడుం అలాగే ఉండిపోయింది. బోటో రాకముందు రెండేళ్లపాటు ఆవిడ ఎవరింటి గడపా తొక్కలేదు. ఒక పెళ్లిలో ఎవడో తాగిన వెధవ "అవ్వా, కింద ఏం పారేసుకున్నావ్?" అని అరిస్తే పందిరంతా నవ్వింది. ఆ వెధవని నేనే. కొత్తగా కాలేజీ మానేసిన రోజులవి. ఆ జోకు బాగా పేలిందనుకున్నాను.

బోటోకి ఏడాది నిండింది. మా దగ్గర పిల్లలు నడక మొదలెడితే కాళ్లకి దారం కట్టి కోసే వేడుక చేస్తాం. బోటోకి కాళ్లు లేవు గానీ దారాలున్నాయి, రాయిని పట్టుకునేది వాటితోనే. "అవి కోస్తే చస్తుంది. కోతలేదు, విందు మాత్రమే" అని ప్రకటించాడు బాబాయ్. ఇరవైమంది వచ్చారు. ఇరవైమందీ వంగే తిరిగారు. మాంసం పళ్లెం మోస్తున్న పిన్ని గడ్డం పులుసులో మునిగింది.

టీ కప్పుల పళ్లెం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేసరికి నా నడుం పట్టేసింది. "చస్తే చచ్చింది!" అని నిలబడిపోయాను. నా నీడ నిలువెత్తున బోటో మీద పడింది. పిన్ని గుండెలమీద చెయ్యేసుకుంది.

బోటో మూసుకోలేదు. నీలం పెదవులు అలాగే విప్పుకుని ఉన్నాయి. చెయ్యి ఊపాను. పళ్లెం ఊపాను. ఊహూఁ.

"బాబాయ్! ఇది మూసుకోవట్లేదు!"

బాబాయ్ వంగే పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "మెల్లగా ఏడువు. తెలుసు. నీడలకి అలవాటుపడి ఆర్నెల్లయింది."

"మరి ఆర్నెల్లుగా మా నడుములెందుకు విరగ్గొడుతున్నావ్?"

ఆయన గుమ్మంకేసి చూశాడు.

సాలికా అవ్వ నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌ల గిన్నెతో లోపలికొస్తోంది. తన నడకతో, తడబడకుండా. "ఏంట్రా ఆ నడక, కుంటి బాతుల్లాగా? ఏడాదైంది, ఇంకా నేర్చుకోలేదా? నన్ను చూడండి!" అంటూ ఇరవైమందిని దాటుకుని పై చోటుకేసి వస్తోంది.

ఈలోగా చెప్పుల దగ్గర్నుంచి ఎర్గెష్ మామయ్య తల ఎత్తాడు. "మూసుకోలేదా? అయితే లేవొచ్చన్నమాట!" ఒక్కొక్క వీపే లేవడం మొదలెట్టింది. అవ్వ నడి హాల్లో ఆగిపోయింది. గిన్నెని గుండెలకి అదుముకుంది.

"మూసుకుంది!" అని గావుకేక పెట్టాను. "ఇప్పుడే మూసుకుంది! వంగండి, వంగండి!" నేలమీద మోకాళ్లేశాను. కప్పులు దొర్లిపోయాయి. ఇరవై వీపులూ దబ్బున కిందికి దిగాయి.

"కుర్రాళ్లకి బుద్ధుండదు" అంటూ అవ్వ వెళ్లి బోటో పక్కన కూర్చుంది. నా నోట్లో ఒక బోర్సోక్ కుక్కింది.

పక్కనుంచి వంగి వెళ్తూ బాబాయ్ నా వీపుమీద చరిచాడు. సరిగ్గా ఆ పాత చోటే.

"ఇంకాస్త వంగరా. అదీ సరిగ్గా చేతకాదు నీకు."